గుమ్మడికాయకు వేసిన దండ

నేను చచ్చిపోలేదు. ఈ ముక్క ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే ఎల్లారెడ్డిలో కనీసం నలుగురు ఇంకా నమ్మడం లేదు. మా టెంట్ హౌస్ ముందు నుంచి పోతూ లోపలికి తొంగి చూస్తారు. నేను కుర్చీలో కదులుతూ కనబడితే కొంచెం నిరుత్సాహపడి ముందుకు పోతారు.

ఇరవై ఏళ్లకు పైగా షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు, మైకు సెట్టు కిరాయికిస్తున్నాను. మైకు నా చేతిలోనే ఉంటుంది కాబట్టి దేన్నైనా నాలుగింతలు చేసి చెప్పడం నా వృత్తిధర్మం. వందమంది వచ్చిన పెళ్లిలో "వేలాదిగా తరలివచ్చిన బంధుమిత్రులకు" అంటాను. అందుకని ఇక్కడ రాసిన పొడవులూ బరువులూ ఎక్కువనిపిస్తే నాలుగుతో భాగించుకోండి. భయాన్ని మాత్రం భాగించకండి. అది ఉన్నంతే రాశాను.

మొదట వచ్చింది దురద. వరినాట్లు పడుతున్న రోజులు, పెళ్లిళ్లు లేని కాలం. అరికాళ్లలో మొదలై, పిక్కలెక్కి, వీపంతా పాకింది. ఇంట్లో ఉన్న దువ్వెనలన్నీ అరిగిపోయాయి. నేను వీపు రుద్దుకున్న చోటల్లా దర్వాజా చెక్క నున్నగా మారింది. కూర్చుంటే నిలబడాలనిపించేది, నిలబడితే నడవాలనిపించేది, నడిస్తే ఒంటి మీది చర్మం విప్పి దండెం మీద ఆరేసి రావాలనిపించేది. నా భార్య సుగుణ కొత్త సబ్బు మీద అనుమానపడింది. నేను దోమల మీద పడ్డాను. ఇద్దరిదీ తప్పే.

సంగతి బయటపెట్టింది దేవదానం సార్. ఆయన పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ఆదివారం చర్చికి పోతారు, మిగతా ఆరు సాయంత్రాలు నా టెంట్ హౌస్‌కు వస్తారు. మా ఇద్దరికీ చాలా ఏళ్లుగా తెగని పంచాయితీ ఒకటుంది. దేవుడున్నాడా లేడా అని కాదు. ఈ లోకం ఎట్లా వచ్చిందంటే "దేవుడు చేశాడు" అనడం అన్నిటికంటే సులువైన జవాబు అవునా కాదా అని.

ఆ సాయంత్రం కూడా అదే నడుస్తోంది. 

"పొలంల ఒక షామియానా కనబడ్డదనుకో రాజేశం," అన్నారు సార్. "గాలికి గుంజలు లేచినయ్, గాలికే తాళ్లు కట్టుకున్నయ్ అనుకుంటవా? ఎవడో టెంట్ హౌసోడు వచ్చి కట్టిండనుకుంటవా? ఏది సులువు?"

"టెంట్ హౌసోడే. కాని సార్, షామియానకు నాలుగు గుంజలు, ఎనిమిది తాళ్లు. టెంట్ హౌసోనికి బీపీ, మోకాళ్ల నొప్పులు, హాస్టళ్ల సదివే ఇద్దరు బిడ్డలు, మాటలు బందువెట్టిన ఒక తమ్ముడు. షామియానా సమజ్ గావాలెనని వీన్ని తీసుకొస్తే, వీడెవనికి సమజైతడు?"

"నీకు మోకాళ్లున్నయ్ గనక నొప్పులున్నయ్. దేవునికి మోకాళ్లు లేవు. అసలు భాగాలే లేవు. భాగాలు లేనిదానికంటె సులువైంది ఇంకేముంటది?"

"భాగాలు లేనోడు ఇన్ని భాగాలు ఎట్ల మతిల పెట్టుకున్నడు సార్? ఆరు వందల కుర్చీలు ఎవలింటికి పోయినయో మతికుంచుకోనీకె నాకీ తలకాయ సాల్తలేదు."

సార్ జవాబు చెప్పబోయి ఆగిపోయారు. నా ముఖంలోకి వంగి చూశారు. 

"నీ కండ్లు పచ్చగున్నయేందోయ్?"

ఇంటికి పోయి అద్దంలో చూసుకున్నాను. నన్ను ఉడకబెట్టి, ఎండబెట్టి నిజామాబాద్ మార్కెట్‌కు తోలితే పసుపు వ్యాపారులు కొట్టుకునేవాళ్లు. గోళ్లు పసుపు, అరచేతులు పసుపు. సుగుణ చూసింది. పొయ్యి మీది కూర దించేసి, నాకు మజ్జిగ కలిపింది. 

"పసిరికలు. పొద్దున్నే కామారెడ్డి పోదాం," అంది.

నేను పోనన్నాను. ఇక్కడ ఒక్కసారి మైకు పక్కన పెడతాను. నా చిన్నప్పుడు మా చిన్నబాపుకు, అంటే మా నాయిన తమ్మునికి, ఇవే పసిరికలు, కామెర్లు అయ్యాయి. పట్నం దవాఖానకు తన కాళ్ల మీదే పోయాడు, నడిచి బస్సెక్కి, కిటికీలోంచి నాకు చెయ్యి ఊపి. తిరిగి వచ్చేటప్పుడు నడవలేదు. అప్పటి నుంచి పచ్చని కళ్లు, పెద్ద దవాఖాన, ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో నాకు లోపల ఎక్కడో రాసి పెట్టి ఉంది. పోనన్నది ఆ రాత. పైకి మాత్రం "దండేసుకుంట" అన్నాను.

దండ అంటే తెలియనివాళ్లకు చెబుతాను. మాకు దగ్గరి ఊళ్లో లచ్చవ్వ అని ఒక ముసలామె ఉంది. ఏదో తీగ కాడను చిటికెన వేలి గోరంత ముక్కలుగా తుంచి, దారంతో ఒక్కో ముక్కకు ముడేసి, గాజంత చుట్ట కట్టి నెత్తిన పెడుతుంది. రోజులు గడిచేకొద్దీ అది పొడవవుతుంది. నెత్తి మీంచి మెడకు జారుతుంది, ఎదకు దిగుతుంది, బొడ్డు దాటుతుంది. పాదాలకు దిగిననాడు కామెర్లు దిగిపోయినట్టు. రొక్కం ముట్టదు. నయమయ్యాక ఆమె చేతికే దండ అప్పజెప్పాలి, పారే నీళ్లలో ఆమే వదులుతుంది. కొబ్బరికాయ, రవిక గుడ్డ పెట్టాలి. అంతే.

సుగుణ కబురంపితే లచ్చవ్వ వచ్చి నా నెత్తిన దండ పెట్టి, "ఉప్పు లేదు, నూనె లేదు, మసాల పేరెత్తొద్దు కొడుకా," అంది.

సగం చచ్చినా నాలోని కోతి చావలేదు. "అవ్వా, ఇంకొకటి గట్టియ్యరాదు? మా మేనమామకు గూడ గిదే బాధ. లావు మనిషి, కూసున్నకాన్నించి లేవడు," అన్నాను. 

ఆమె పాపం జాలిపడి ఇంకొకటి కట్టిచ్చింది. దాన్ని తీసుకుపోయి, గోదాంలో మూడో అరమీద కూర్చున్న గుమ్మడికాయ తొడిమకు వేశాను.

సార్‌కు మాత్రం చెప్పాను. ఆయనలోని పంతులుకు ప్రాణం లేచొచ్చింది. "శభాష్. ఒకే చేతి దండలు రెండు. ఒకటి రోగం ఉన్నోనికి, ఒకటి రోగం లేనిదానికి. గీ పరీక్ష నేను బళ్లె చెయ్యక పోతిని," అని రోజూ వచ్చి స్కేలుతో కొలిచేవారు.

మూడు రోజులకు గుమ్మడికాయ దండ జానెడు పెరిగింది. నాది కదల్లేదు. కిరీటంలాగా నెత్తి మీదే కూర్చుంది. 

మీరు నవ్వుతారు. నేనూ నవ్వాలి. దండ మీద నమ్మకం లేకే కదా గుమ్మడికాయకు వేసింది. కానీ నాలుగో రోజు పొద్దున గుమ్మడికాయ నాకంటే ముందు బాగుపడుతోందన్న ఆలోచన కడుపులో రాయిలాగా పడింది. జొన్న గట్క ముందుకొస్తే పక్కకు నెట్టాను. మజ్జిగా వద్దన్నాను. గోక్కుంటూ ఇల్లంతా తిరిగాను. మంచం, దర్వాజా, బోరింగు, మళ్లీ మంచం. ఆ ఒక్క పూటే పన్నెండు మైళ్లు నడిచి ఉంటాను, గడప దాటకుండా. ప్రతి రౌండుకూ చెయ్యి నెత్తికి పోయేది.

"దిగిందా?" అని సుగుణను అడిగేవాణ్ని.

"దిగుతది. తిను ముందుగాల."

"దిగినంక తింట."

ఆ మధ్యాహ్నం అలసి కునుకు తీశాను. లేచేసరికి దండ మెడలో ఉంది. ఆ సంబురం మైకులో చెప్పినా చాలదు. రెండు గిన్నెల గట్క తాగాను. మరునాడు ఎదకు, ఆ తర్వాత ఇంకా కిందికి. రోజూ కునుకు తీసి లేవగానే చూసుకునేవాణ్ని. అది కొంచెం దిగి ఉండేది. నేను తినేవాణ్ని. గుమ్మడికాయతో పోటీలో ఇక వెనకబడలేదు.

కళ్లు మాత్రం ఇంకా పచ్చబడ్డాయి. ఆరో రోజు సుగుణ చీర మార్చుకుని, సంచి సర్ది మంచం దగ్గర నిలబడింది.

"నడు, కామారెడ్డి పోదాం."

"ఎందుకు? బొడ్డుదాంక వచ్చింది. ఇంక నాలుగొద్దులు పోతే పాదాలకే."

"దాని సంగతి ఇడిసిపెట్టు. నడు."

"గదేంది? దాన్ని తెప్పిచ్చిందే నువ్వు."

"తెప్పిచ్చిన. ఇప్పుడు నేనే అంటున్న. నడు."

"పెరుగుతున్న దండను సగంల తీస్తే దోషమైతదని అవ్వ చెప్పలే?" నోరు నాదే, మాట నాదే. గుమ్మడికాయకు దండేసిన మనిషి దోషం గురించి మాట్లాడుతున్నాడు. నాకు దండ మీద నమ్మకం లేదు. దవాఖానకు పోకుండా ఉండటం మీదే నమ్మకం. దానికి ఏ దేవత దొరికినా మొక్కేవాణ్ని.

సుగుణ నావైపు చాలాసేపు చూసింది. ఏదో అనబోయింది. నోరు తెరిచి, మూసి, సంచి నేలమీద పెట్టి లోపలికి పోయింది. అలిగిందనుకున్నాను.

ఎనిమిదో రోజు చలిజ్వరం పట్టుకుంది. మంచం, మంచం కింది నేల, పక్కింటి రేకులు అన్నీ నాతోపాటు వణికాయి. సుగుణ ఈసారి అడగలేదు. ఆటోను ఇంటి ముందుకే పిలిచింది, సార్ ముందు సీట్లో కూర్చున్నారు, నన్ను దుప్పటితో సహా ఎక్కించారు. లింగంపేట దాటేదాకా దారిలో ప్రతి గుంత నా పక్కటెముకలకు నమస్కారం పెట్టింది.

కామారెడ్డి దవాఖానలో బెంచీ మీద గడిపిన పూట నా జీవితంలో అన్నిటికంటే పొడవైనది. దీన్ని నాలుగుతో భాగించకండి. రక్తం ఇచ్చి కూర్చున్నాం, స్కానింగ్‌కు కూర్చున్నాం, స్కానింగ్ కాగితానికి కూర్చున్నాం. కూర్చున్నాం అంటున్నాను కానీ కూర్చుంది వాళ్లిద్దరే. నేను కారిడార్ కొలుస్తున్నాను, మెడలో దండతో, గోడకు వీపు రుద్దుకుంటూ. మద్నూర్ దిక్కు నుంచి వచ్చిన ఒక ముసలాయన నా అవస్థ చూసి తన గరుకు తువ్వాలను తాడులా మెలేసి "ఘే, బాబా," అని చేతికిచ్చాడు. దాన్ని వీపు మీద అటూ ఇటూ లాగితే స్వర్గం కనబడింది. ఆయన మరాఠీ నాకు రాదు, నా తెలుగు ఆయనకు అంతంత మాత్రం. తన టోకెన్ పిలిచినా తువ్వాల అడగలేదు.

భయం ఆపడానికి సార్ పాత పంచాయితీనే తీశారు. 

"మరి గుమ్మడికాయ సంగతి ఏమాయె?" అన్నారు మెల్లగా.

"గెలిచిన సార్. కాడ ఎండుతది, ముక్క సన్నగైతది, ముడి వదులైతది, దారం సాగుతది. ఎవ్వలు గుంజనక్కర్లేదు. పసిరిక అక్కర్లేదు, దేవత అక్కర్లేదు. మీ లోకం గూడ గంతే."

"గుమ్మడికాయది ఎండి పెరిగింది. ఒప్పుకుంట. నీది గూడ గట్లనే పెరిగిందని ఎట్ల జెప్తవ్? నీ ఒళ్లు చెమటకు తడిసే ఉన్నది. మూడొద్దులు కదలనిది నాలుగో నాడు ఒక్కపాలి మెడకు ఎట్ల జారింది?"

"ఒక కారణం సాలినప్పుడు రెండోది ఎందుకు సార్? మీరే గదా బళ్లె చెప్పింది."

"చెప్పిన," అన్నారు సార్. "సాల్తదా అనే అడుగుతున్న."

సుగుణ చటుక్కున లేచి నీళ్ల కుళాయి దగ్గరికి పోయింది. సీసా నిండి పొర్లుతున్నా కుళాయి కట్టలేదు. భుజాలు కదులుతున్నాయి. నా కోసం ఏడుస్తోందని నాకు లోలోపల కొంచెం గర్వంగా కూడా అనిపించింది. 

డాక్టరమ్మ కాగితం చూసి, "పిత్తాశయంలోని రాయి జారి నాళంలో అడ్డుపడ్డది. చీము పడుతున్నది. ఇప్పుడే హైదరాబాద్ తీసుకుపోవాలె," అంది.

"రాయి ఎందుకొచ్చింది మేడమ్?" అన్నాను.

"కొందరికి వస్తది."

అంతకంటే సులువైన జవాబు ఇంతవరకు ఎవరూ ఇవ్వలేదు. అయినా దాంతో నాకు ఏమీ తెలియలేదు. సార్ నావైపు చూసి, మా పంచాయితీలో అనాల్సిన మాట మింగేశారు. దయ అంటే అది.

"లోపలికి దారాలు, గొలుసులు వద్దు," అంటూ నర్సు కత్తెర తీసింది. నా ముఖంలో ఏం కనబడిందో, కత్తెర పక్కన పెట్టి, దండను తెగకుండా తల మీంచి తీసి ఒక కవర్లో వేసి సుగుణకిచ్చింది. 

"ఇన్ని రోజులు ఎందుకు ఆగిన్రమ్మా? ఇంకో రెండొద్దులైతే మనిషి దక్కకపోవు," అంది సుగుణతో. 

సుగుణ ఆ కవరును ఒళ్లో పెట్టుకుంది.

అంబులెన్సు భిక్నూర్ దాటుతుంటే ధాబాల తాలింపు వాసన లోపలికొచ్చింది. ఉప్పు నూనె లేని ఎనిమిది రోజుల తర్వాత, ఇదే ఆఖరి వాసనేమో అనుకున్నాను. చిన్నబాపు ఊపిన చెయ్యి కళ్ల ముందు ఆడింది. అప్పుడు నేను ఒక మాట అనుకున్నాను. ఎవరితో అన్నానో తెలియదు. "ఎవలన్న ఉంటే, నన్ను నడిపిచ్చుకుంట ఇంటికి తోలున్రి." అంతే. ఎవరూ లేకపోతే మాట గాలికి పోతుంది, ఉంటే ఉపయోగపడుతుంది. ఇలా లెక్క చూసి చేసిన ప్రార్థనను ఎవరైనా వింటారా అన్న అనుమానం కూడా వెంటనే వచ్చింది. నా బుర్ర అక్కడా కుదురుగా ఉండలేదు. పక్కన సార్ పెదవులు చప్పుడు లేకుండా కదులుతున్నాయి. ఆయన చెయ్యి మాత్రం తూప్రాన్ దాకా నా వీపు గోకుతూనే ఉంది.

నోట్లోంచి గొట్టం వేసి రాయి తీశారు. శనగపప్పంత ఉందన్నారు. నేను కొబ్బరికాయంత అని ఊళ్లో చెప్పుకున్నాను. జ్వరం దిగడానికి వారం, పసుపు వదలడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. మా గడప నేను నడిచే ఎక్కాను.

ఇక మిగిలింది లచ్చవ్వ. నేను బాగుపడ్డానని తెలిసి దండ తీసుకుపోవడానికి తానే వచ్చింది. సార్ కూడా ఉన్నారు. సుగుణ కొబ్బరికాయ, రవిక గుడ్డ పళ్లెంలో పెట్టింది.

"మీ మామకెట్లున్నది కొడుకా?" అంది లచ్చవ్వ.

"వండుకున్నం అవ్వా," అన్నాను.

ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నేను గోదాం లోంచి రెండో దండ తెచ్చి, గుమ్మడికాయ కథంతా ఒప్పుకున్నాను, నా గెలుపుతో సహా. ఆమె తిట్టలేదు. "గుమ్మడికాయకు గూడ మంచిగనే పని జేసిందన్నట్టు," అంది. 

సార్ పకపకా నవ్వారు.

లచ్చవ్వ రెండు దండలూ ఒళ్లో వేసుకుని వేళ్లతో తడమసాగింది. గుమ్మడికాయదాన్ని ముడి ముడికీ తడిమి పక్కన పెట్టింది. నాదాన్ని తడుముతూ ఆగింది. వెనక్కి పోయింది. మళ్లీ తడిమింది.

"గీ ముడులు నాయి గావు," అంది.

"గదేంది అవ్వా? నువ్వు కట్టిందే."

"నేను కట్టింది జారు ముడి. ఇది పూలల్లే ముడి. నడిమిట్ల నడిమిట్ల ఇప్పి, దారం అతుకేసి, మల్ల ముడిచిన్రు. నాకు తెల్వదా నా చెయ్యి?"

సార్ స్కేలు పట్టుకున్న మనిషిలా ముందుకు వంగారు. నేను నోరు తెరిచాను. మా ఇంట్లో పూలు అల్లేది ఒక్కరే.

సుగుణ పళ్లెం కింద పెట్టింది.

"మూడొద్దులు కదల్లేదు. నువ్వు తినుడు బంద్ జేసినవ్," అంది, నావైపు చూడకుండా. "నువ్వు కునుకు తీసినప్పుడు ముడులిప్పి, దారం అతికి జరంత గుంజిన. లేచి చూసుకొని తిన్నవ్. మల్ల తెల్లారి గుంజిన. గుంజినప్పుడల్ల తిన్నవ్."

పళ్లెంలోని కొబ్బరికాయను అటు తిప్పి ఇటు తిప్పింది.

"తింటే సాలనుకున్న. దాన్ని చూసే నువ్వు దవాఖానకు రానంటవని అనుకోలే. చెప్తే దండ మీద పానం ఇడుస్తవేమో, చెప్పకుంటే గిట్లనే పోతవేమో. రెండొద్దులైతే దక్కకపోతుండె అన్నది గా నర్సమ్మ. నా చేతితోనే అయితుండె."

కుళాయి దగ్గర పొర్లిన సీసా నాకు అప్పుడు అర్థమైంది. ఆరో రోజు తెరిచి మూసిన నోరు కూడా.

నేను సార్ వైపు తిరిగాను. "సార్, మీరే గెలిచిన్రు. చెయ్యి ఉన్నది."

సార్ తల అడ్డంగా ఊపారు. "చెయ్యి ఉన్నది. కాని సులువైంది మాత్రం కాదు రాజేశం," అన్నారు. సుగుణకు చేతులు జోడించి, గొడుగు తీసుకుని వెళ్లిపోయారు. ఆ రోజు వాదన పెట్టుకోలేదు.

లచ్చవ్వ గుమ్మడికాయ దండను సంచిలో వేసుకుంది. నాదాన్ని సుగుణ చేతిలో పెట్టి, "ఇది నాది గాదు బిడ్డా, నీది. నువ్వే ఇడువు," అంది. సుగుణ ఇంకా విడవలేదు. అది టెంట్ హౌస్‌లో మేకుకు వేలాడుతోంది. 

కళ్లు పచ్చబడ్డవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. దండ వేసుకోండి, వద్దనను. వేసుకునే ఆటో ఎక్కండి. దవాఖానలో దానికి కత్తెర పడకుండా తీసే చేతులు కూడా ఉంటాయి. ఇంట్లోవాళ్లు నోరు తెరిచి మూస్తే, ఏమిటని ఒక్కసారి అడగండి. నేను అడగలేదు.

లచ్చవ్వ పోయాక ఆ మధ్యాహ్నం మంచం మీద వాలాను. నిద్ర రాలేదు, కళ్లు మూసుకున్నానంతే. కాసేపటికి సుగుణ వచ్చి పక్కన కూర్చుంది. అలవాటు కొద్దీ ఆమె చెయ్యి నా మెడ దగ్గరికి వచ్చింది. అక్కడ దండ లేదు. వేళ్లు ఒక క్షణం ఏం చేయాలో తెలియక ఆగి, బనీను అంచును సరిచేశాయి. అది సరిగ్గానే ఉంది. మళ్లీ సరిచేశాయి. 

నేను కళ్లు తెరవలేదు.